డేటాషీట్‌లో ఈల్డ్ మూడు రెట్లు ఉందని ప్రింట్ చేసిన ఇంపెల్లర్ మందం తగ్గించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల మెయింటెనెన్స్ చూస్తున్నారు. కండెన్సర్ నీళ్ల పంపు ఒకదానికి ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీళ్లను తోసే చక్రం) ఎక్కడా దొరకడం లేదు, ఆ మోడల్‌ను పంపు కంపెనీ ఎప్పుడో ఆపేసింది. హైదరాబాద్‌లో ఒక సంస్థ 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు పౌడర్‌తో ప్రింట్ చేసిస్తామని కొటేషన్ పంపింది. వాళ్ల డేటాషీట్‌లో ఈల్డ్, అంటే లోహం తిరిగి రాకుండా వంగిపోవడం మొదలయ్యే ఒత్తిడి, 500 మెగాపాస్కల్. మామూలు 316ఎల్‌కు స్టాండర్డ్ అడిగే కనీస ఈల్డ్ 170. "దాదాపు మూడు రెట్లు బలం కదా, వేన్ల మందం సగం చేస్తే ఖర్చు తగ్గుతుంది, చెయ్యొచ్చా?" అన్నది మీ మొదటి ప్రశ్న. "పొడి అతికించి చేసిన వస్తువు టప్పున విరుగుతుంది" అని మీ మెకానిక్కులు అంటున్నారట, అది నిజమా అన్నది రెండోది. కారం ప్యాకింగ్ మెషిన్‌లో నిమిషానికి డజన్ల సార్లు ఊగే అల్యూమినియం లివర్‌ను కూడా ఇలాగే చేయించొచ్చా అన్నది మూడోది.

సూటిగా: మందం సగం చెయ్యకండి. సరిగ్గా ప్రింట్ అయిన 316ఎల్ టప్పున విరగదు, వంగుతుంది. లివర్‌ను మాత్రం ప్రింట్ చేయించవద్దు.

నేను మెటలర్జీ చదివి, హైదరాబాద్‌లో మెటల్ ప్రింటింగ్ మీద పనిచేసి, ఇప్పుడు విజయవాడలో ఉంటూ ఆటోనగర్ వర్క్‌షాపులకు మెటీరియల్ విషయాల్లో సాయం చేస్తుంటాను. ఈ మధ్య మీలాంటి ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మందం లెక్క. వేన్ అంటే ఇంపెల్లర్‌కు ఉండే వంపు తిరిగిన రేకు. నీళ్ల ఒత్తిడికి అది వంగడానికి చూస్తుంది. రేకు మందం సగమైతే, అదే బరువుకు దానిలో పుట్టే ఒత్తిడి రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మందం వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి. మీ చేతికి వచ్చిన ఈల్డ్ మూడు రెట్లు, పెరిగిన ఒత్తిడి నాలుగు రెట్లు. అంటే కాగితం మీదే లెక్క తేలిపోయింది, ప్రింటింగ్ మంచిచెడ్డల దాకా వెళ్లనక్కర్లేదు. ఇక బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాని సంగతి ఇంకా కష్టం. స్టీలు ఎంత గట్టిదైనా ఆ బిగువును కొలిచే యంగ్స్ మాడ్యులస్ మారదు. ప్రింట్ చేసినా, కడ్డీ నుంచి తీసినా 190 గిగాపాస్కల్ చుట్టుపక్కలే ఉంటుంది. రేకు బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది, సగం మందం అంటే ఎనిమిదో వంతు బిగువు. వేన్ వణకడం మొదలుపెడుతుంది, ఆ వణుకు ఫెటీగ్‌ను, అంటే పదేపదే ఊగడం వల్ల వచ్చే పగుళ్లను, తెచ్చిపెడుతుంది. పైగా మన బోరు నీళ్లలో ఇసుక, ఉప్పు రెండూ వస్తాయి. అరుగుదలకు వదిలిన మందాన్ని కూడా మీరు తీసేసినట్టే అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ 500 అనే అంకె అబద్ధం కాదు. లేజర్ పౌడర్ బెడ్ పద్ధతిలో (పలచగా పరిచిన పొడిని లేజర్‌తో కరిగిస్తూ పొర మీద పొర పేర్చడం) వేసిన 316ఎల్‌కు ప్రింటర్ నుంచి దించినప్పుడు ఈల్డ్ 450 నుంచి 550 దాకా, టెన్సైల్ (తెగేలోపు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి) 600 నుంచి 650 దాకా రావడం మామూలే. ఎందుకంత? లేజర్ కింద కరిగిన చుక్క సెకనులో అతి చిన్న భాగంలో గడ్డకడుతుంది. చల్లబడే వేగం సెకనుకు లక్ష డిగ్రీలు, ఒక్కోసారి పది లక్షలు. అంత వేగంలో గ్రెయిన్ (లోహపు స్ఫటికం) లోపల మైక్రాన్ కంటే చిన్న గదులు ఏర్పడతాయి. ఆ గదుల గోడలు డిస్‌లొకేషన్లతో, అంటే అణువుల వరుసల్లోని తేడాలతో, కిక్కిరిసి ఉంటాయి. లోహం సాగాలంటే ఆ గోడలను దాటాలి, అందుకే ఈల్డ్ పెరుగుతుంది. విచిత్రమేమిటంటే ఇంత గట్టిపడినా సాగే గుణం పెద్దగా పోదు, ఎలాంగేషన్ 30 నుంచి 50 శాతం దాకా నిలుస్తుంది. మీ మెకానిక్కుల మనసులో ఉన్నది బహుశా పోత ఇనుము. గ్రే ఐరన్ ఒక శాతం కూడా సాగదు, కాబట్టి విరుగుతుంది. వాళ్లకు మాటలతో చెప్పకండి. ఇంపెల్లర్‌తో పాటు మూడు మిల్లీమీటర్ల మందం పట్టీ ఒకటి ప్రింట్ చేయించి, వైస్‌లో బిగించి వాళ్ల చేతే వంచమనండి. మంచి ప్రింట్ అయితే మడతపడుతుంది. పగుళ్లు వస్తే ఆ ప్రింటర్ దగ్గర ఇంపెల్లర్ చేయించవద్దు. ఆ పరీక్షకు పెద్దగా ఖర్చు లేదు.

కానీ ఆ 500 మీ ఇంపెల్లర్‌ది కాదు. అది ఆ మెషిన్ మీద, ఆ పౌడర్‌తో, ఒక నిర్దిష్టమైన సెట్టింగ్‌లో, ప్లేటు మీద ఫలానా దిక్కులో వేసి, బహుశా పైపొర లేత్ మీద తీసేసి, లాగి చూసిన నమూనా కడ్డీది. మార్కెట్లో 316ఎల్ రాడ్ కొంటే దాని గుణం మిల్లు దగ్గరే తేలిపోతుంది. మీరు కోసినా తొలిచినా అది పెద్దగా మారదు. ప్రింటింగ్‌లో లోహమూ, వస్తువూ ఒకేసారి పుడతాయి. గుణాన్ని లోహం పేరు బట్టి కాదు, ఆ వస్తువు పుట్టిన తీరును బట్టి చెప్పాలి. మీతో నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇదొక్కటే, కింద రాసేదంతా దానికి వివరణే.

లెక్క వేసి చూడండి. పొర మందం 40 మైక్రాన్లు, లేజర్ గీతల మధ్య దూరం 100 మైక్రాన్లు అనుకుందాం. కిలో స్టీలు వస్తువు దాదాపు 125 ఘన సెంటీమీటర్లు. దాన్ని నింపాలంటే లేజర్ గీయాల్సిన వెల్డ్ గీత పొడవు 30 కిలోమీటర్ల పైమాటే. విజయవాడ నుంచి గుంటూరుకు దాదాపు ఉన్నంత. ఆ దారి పొడవునా వెల్డింగ్ ఎక్కడా గతుకు పడకుండా సాగాలి. ఎక్కడో ఒకచోట పడుతుంది, ప్రశ్న ఎక్కడ, ఎంత పెద్దది అన్నదే.

ఆ గతుకులు ముఖ్యంగా మూడు రకాలు. శక్తి చాలకపోతే కింది పొర సరిగ్గా కరగక, రెండు పొరల మధ్య పలచని, అంచులు పదునైన ఖాళీలు మిగులుతాయి. వీటిని ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ అంటారు. శక్తి ఎక్కువైతే లేజర్ లోతుగా గుంత తవ్వి, అది మూసుకునేటప్పుడు అడుగున గుండ్రటి బుడగను వదిలేస్తుంది, ఇది కీహోల్. మూడోది పౌడర్ రేణువులోనే చిక్కుకున్న గ్యాస్. గుండ్రటి బుడగలు చిన్నవైతే అంతగా భయపడనక్కర్లేదు. మొదటి రకం ప్రమాదకరం. అది పొరకు సమాంతరంగా పరుచుకుని ఉంటుంది, కాబట్టి వస్తువును నిలువుగా, అంటే పొరలు పేర్చిన దిక్కులో లాగితే నోరు తెరుస్తుంది. అడ్డంగా లాగితే అంతగా పట్టించుకోదు. అందుకే ఒకే ప్లేటు మీద వేసిన రెండు నమూనాల్లో అడ్డందానికి మంచి ఎలాంగేషన్ వచ్చి, నిలువుదానికి సగం కూడా రాకపోవచ్చు. లోపం లేకపోయినా, గ్రెయిన్లు నిలువుగా పొడవుగా పెరగడం వల్ల కొద్దిపాటి తేడా ఉండనే ఉంటుంది.

"డెన్సిటీ 99.8 శాతం" అని కొటేషన్‌లో రాస్తారు. మంచిదే, కానీ మిగిలిన 0.2 శాతం ఎక్కడ ఉందన్నది ఆ అంకె చెప్పదు. వస్తువంతా సన్నటి బుడగలుగా చెదిరి ఉంటే ఫర్వాలేదు. వేన్ మొదట్లో, హబ్‌కు అతికే చోట, ఒకే పొరలో చేరి ఉంటే అక్కడే పగులు మొదలవుతుంది.

మెషిన్ లోపల గ్యాస్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వీస్తుంది. లేజర్ కింద నుంచి ఎగిరే నిప్పురవ్వలను అది తోసుకుపోతుంది. గాలి దిగువన ఉన్న మూల మీద రవ్వలు పడి, ఆ పెద్ద ముద్దలు సరిగ్గా కరగక లోపాలు పుడతాయి. అదే ప్లేటు, అదే రోజు, అదే పౌడర్, అయినా ఒక మూలకూ ఇంకో మూలకూ తేడా. నేను ఎప్పుడు చేయించినా పరీక్ష నమూనాలను ఆ దిగువ మూలలోనే వేయమని పట్టుబడతాను. అక్కడ బాగుంటే మిగతా చోట బాగుంటుందని ధైర్యం.

పౌడర్ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వానాకాలం గాలిలో తేమ మీకు తెలియంది కాదు. లేజర్ మెషిన్‌కు వాడే రేణువులు 15 నుంచి 45 మైక్రాన్ల మధ్య ఉంటాయి. అంత సన్నటి పొడికి ఉపరితలం ఎక్కువ, తేమను పట్టేస్తుంది. స్టీలు కొంత ఓర్చుకుంటుంది. అల్యూమినియం పొడి ఓర్చుకోదు. తేమలోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి వెళ్లి బుడగలవుతుంది. టైటానియం అయితే వాడి మిగిలిన పొడిని మళ్లీ మళ్లీ వాడేకొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది. గ్రేడ్ 5 అనే రకానికి ఆ హద్దు 0.20 శాతం, ఇంప్లాంట్లకు వాడే ఈఎల్ఐ రకానికి 0.13. దాటితే బలం పెరిగినట్టు కనిపించి, సాగే గుణం పడిపోతుంది. టెన్సైల్ అంకె ఒక్కటే చూసేవాళ్లు దీన్ని మంచి వార్త అనుకుంటారు.

హీట్ ట్రీట్‌మెంట్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను చూసిన ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఇక్కడిదే. ప్రింట్ అయిన వస్తువు లోపల విపరీతమైన ఒత్తిడి బిగుసుకుని ఉంటుంది. ప్రతి పొరా చల్లబడుతూ కుంచించుకుంటుంది, కింద ఉన్న గట్టిపడిన పొర దాన్ని పట్టి ఆపుతుంది. అందుకే బేస్ ప్లేటు నుంచి కోయకముందే, ప్లేటుతో సహా కొలిమిలో పెట్టి స్ట్రెస్ రిలీవింగ్ చేయాలి. ముందే వైర్ కట్‌లో కోస్తే వస్తువు విల్లులా లేస్తుంది. ఇంపెల్లర్ అయితే బోర్ గుండ్రం పోతుంది.

మరి ఎంత వేడి? 316ఎల్‌ను 1050 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆనీల్ చేస్తే (కాచి మెత్తబరిస్తే) నేను పైన చెప్పిన గదుల గోడలు కరిగిపోతాయి. ఈల్డ్ 500 నుంచి 250-350 మధ్యకు దిగుతుంది. కడ్డీ కంటే ఇంకా మెరుగే, కానీ మీ లెక్కకు ఆధారమైన మూడు రెట్లు మాయమైంది. తక్కువ వేడిలో, 400 చుట్టుపక్కల, కొన్ని గంటలు ఉంచితే బలం నిలుస్తుంది, ఒత్తిడి కొంతే తగ్గుతుంది. మీ సప్లయర్ ఏది చేస్తాడో కొటేషన్‌లో రాసి ఉండాలి. డేటాషీట్‌లో "యాజ్ బిల్ట్" (ప్రింటర్ నుంచి దించినప్పటి) అంకె ఇచ్చి, వస్తువుకు ఆనీల్ చేసి పంపడం చాలా చోట్ల జరుగుతుంది. అందులో మోసం ఉండనక్కర్లేదు, ఇద్దరు మనుషులు రెండు కాగితాలు తయారుచేశారు, అంతే. నష్టం మాత్రం మీకే.

మిగతా లోహాల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఆటోనగర్‌లో ఒక పంపుల షాపువాళ్లు 17-4 పీహెచ్ స్టీలుతో షాఫ్ట్ స్లీవ్‌లు ప్రింట్ చేయించుకున్నారు. హీట్ ట్రీట్‌మెంట్ షాపు ఎప్పటిలాగే 482 డిగ్రీల దగ్గర గంటసేపు ఏజింగ్ (ఓ మాదిరి వేడిలో ఉంచి గట్టిపరచడం) చేసి ఇచ్చింది. కడ్డీకి అది చాలు, ఎందుకంటే మిల్లు నుంచి వచ్చేటప్పటికే సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (బాగా కాచి, చల్లార్చి, ఏజింగ్‌కు సిద్ధం చేయడం) అయి ఉంటుంది. వీళ్లకు అనుకున్న హార్డ్‌నెస్ రాలేదు. నా దగ్గరికి తెచ్చినప్పుడు ముందు చూసింది అయస్కాంతం. సరిగ్గా గట్టిపడిన 17-4 అయస్కాంతాన్ని బలంగా పట్టుకుంటుంది. ఇది నీరసంగా అంటుకుంది. నైట్రోజన్‌తో తయారైన పౌడర్‌లో, నైట్రోజన్ నింపిన ఛాంబర్‌లో ప్రింట్ అయినప్పుడు ఈ స్టీల్లో ఆస్టెనైట్ అనే మెత్తటి రూపం చాలా మిగిలిపోతుంది. ఆస్టెనైట్ అయస్కాంతానికి లొంగదు, ఆ ఏజింగ్‌కూ గట్టిపడదు. మళ్లీ 1040 డిగ్రీల దగ్గర సొల్యూషన్ చేసి, చల్లార్చి, అప్పుడు ఏజింగ్ చేస్తే స్లీవ్‌లు దారికొచ్చాయి. కొలతల్లో కొంత మార్పు వచ్చింది, గ్రైండింగ్‌కు మెటీరియల్ వదిలి ఉంచారు కాబట్టి బతికిపోయాయి.

అల్యూమినియం కథ ఇంకా తలకిందులు. ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడేది పది శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉన్న రకం, ఏఎల్‌ఎస్ఐ10ఎంజీ అంటారు. పోత పోసిన ఇదే రకానికి టీ6 (సొల్యూషన్ చేసి, ఆపై ఏజింగ్) చేస్తే బలం పెరుగుతుంది, ఫౌండ్రీలో అందరికీ అలవాటైన పని. ప్రింట్ చేసినదానికి టీ6 చేస్తే బలం తగ్గుతుంది. ప్రింటర్ నుంచి దిగేటప్పుడు సిలికాన్ చాలా సన్నటి వలలా అల్లుకుని ఉంటుంది, టెన్సైల్ 430-460 దాకా ఇచ్చేది ఆ వలే. టీ6 కోసం 520-540 డిగ్రీలకు తీసుకెళ్లగానే వల తెగి సిలికాన్ ముద్దలవుతుంది. 300 డిగ్రీల దగ్గర రెండు గంటల స్ట్రెస్ రిలీవింగ్‌కే టెన్సైల్ బాగా పడిపోతుంది. దీని మీద ఇంకో దెబ్బ ఉంది. అంత వేడికి లోపల చిక్కుకున్న గ్యాస్ ఉబ్బి, కనిపించని బుడగలు కనిపించేంత పెద్దవవుతాయి. బలం నిలబెట్టుకోవాలంటే సొల్యూషన్ జోలికి పోకుండా 160-170 డిగ్రీల దగ్గర నేరుగా ఏజింగ్ చేయడం మంచిది, కాకపోతే లోపలి ఒత్తిడి పూర్తిగా పోదు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. "6061 లేదా 7075లో వేసివ్వండి" అని కొందరు అడుగుతారు. మామూలు 7075 పొడి గడ్డకట్టేటప్పుడే పగుళ్లిస్తుంది. జిర్కోనియం నానో రేణువులు కలిపి ఆ పగుళ్లను ఆపొచ్చని 2017లో అమెరికాలోని హెచ్ఆర్ఎల్ ల్యాబొరేటరీస్ వాళ్లు చూపించారు. అది మామూలు పొడి కాదు, ప్రత్యేకంగా తయారుచేయాల్సింది.

టైటానియం గ్రేడ్ 5 గురించి ఒక్క మాట, ఆసుపత్రి వాళ్ల కోసం ఇంప్లాంట్లు చూసేవాళ్లు చదువుతుంటే. ప్రింటర్ నుంచి దిగినప్పుడు టెన్సైల్ 1100 నుంచి 1250 దాకా ఉండి మురిపిస్తుంది, సాగే గుణం మాత్రం తరచుగా పది శాతం కంటే తక్కువ. 800 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే బలం 1000-1050కి దిగి, ఎలాంగేషన్ పది దాటుతుంది. ఇక్కడ తగ్గిన అంకెనే కొనాలి. ఎలక్ట్రాన్ బీమ్ మెషిన్‌లో వేస్తే బెడ్ 700 డిగ్రీల దగ్గర వేడిగా ఉంటుంది కాబట్టి లోపలి ఒత్తిడి తక్కువ, పైపొర మాత్రం ఇంకా గరుకు.

ఫెటీగ్. మీ డేటాషీట్‌లో ఈ పదం ఉందా చూడండి, ఉండకపోవచ్చు. తిరిగే, ఊగే, వణికే వస్తువులు ఈల్డ్ దాటి చావవు, ఈల్డ్‌కు చాలా కింద లక్షల సార్లు అటూ ఇటూ అయి చస్తాయి. ఆ చావు దాదాపు ఎప్పుడూ పైపొర దగ్గర మొదలవుతుంది. ప్రింట్ అయిన పైపొర గరుకుదనం సగటున (ఆర్ఏ అంటారు) 5 నుంచి 20 మైక్రాన్ల దాకా ఉంటుంది, కిందికి చూసే వైపు ఇంకా ఎక్కువ. సగం కరిగిన రేణువులు అంటుకుని, మధ్యలో సన్నటి గాడులు ఉంటాయి. ఒక్కో గాడీ ఒక పగులుకు సిద్ధంగా ఉన్న మొదలు. టైటానియంలో చూస్తే, మెషినింగ్ చేసి హిప్ (కింద వివరిస్తాను) పెట్టినదానికి కోటి సైకిళ్లకు 500-600 మెగాపాస్కల్ తట్టుకునే శక్తి ఉంటే, గరుకు పైపొరతో వదిలేసినదానికి దానిలో సగమో, ఇంకా తక్కువో. టెన్సైల్ పరీక్షలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

హిప్ అంటే వస్తువును వేడిగా ఉంచి, ఆర్గాన్‌తో చుట్టూ నుంచి సుమారు 100 మెగాపాస్కల్ ఒత్తిడి పెట్టి లోపలి ఖాళీలను మూయడం. మంచి మందే, కానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి. పైపొరకు తెరుచుకున్న రంధ్రాన్ని అది మూయలేదు, గ్యాస్ లోపలికే వెళ్లిపోతుంది కాబట్టి. గరుకుదనాన్నీ తగ్గించదు. 316ఎల్‌కు హిప్ పెడితే, 1100 దాటిన వేడిలో ఈల్డ్ పడిపోతుందని పైన చెప్పిందే.

మెషినింగ్‌లో కూడా ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది టర్నర్లు నమ్మరు. వస్తువు అంచును లేజర్ ఒకలా గీస్తుంది, లోపలి భాగాన్ని ఇంకోలా నింపుతుంది. ఆ రెండూ కలిసే చోట, అంచుకు ఒకటి రెండు వందల మైక్రాన్ల లోపల, బుడగలు గుంపుగా ఉండే అవకాశం ఎక్కువ. "నున్నగా కనిపిస్తే చాలు" అని 0.2 మిల్లీమీటర్లు మాత్రమే కోస్తే, లోపల దాక్కున్న బుడగలను పైకి తెచ్చి కూర్చోబెట్టినట్టే. కోస్తే 0.5 నుంచి 1 మిల్లీమీటర్ దాకా కోయాలి. అంత మెటీరియల్ డ్రాయింగ్‌లోనే ముందుగా వదలాలి.

మీ ఇంపెల్లర్ మూత ఉన్న రకం అయితే లోపలి దారుల్లోకి టూల్ వెళ్లదు. పైకప్పు అడుగు భాగం గరుకుగా మిగిలిపోతుంది. రాపిడి ముద్దను తోసి నున్నచేసే పద్ధతి ఉంది, ఎలక్ట్రో పాలిషింగ్ ఉంది, రెండింటికీ ఖర్చు ఉంది. వదిలేస్తే పంపు ఎఫిషియెన్సీ కూడా కొంత పోతుంది. తుప్పు విషయంలోనూ ఇంతే. లోపాలు లేని చోట ప్రింట్ చేసిన 316ఎల్ క్లోరైడ్లను బాగానే తట్టుకుంటుంది, తుప్పు మొదలయ్యే చోటైన మాంగనీస్ సల్ఫైడ్ ముద్దలు పెద్దగా పెరిగే సమయం ఉండదు కాబట్టి. అదే పైపొరకు తెరుచుకున్న రంధ్రం ఉంటే, ఉప్పు నీళ్లు అందులో నిలిచి గుంతలు పడతాయి. ఇంకో సంగతి, మీది అమోనియాతో చల్లబరిచే ప్లాంట్. "పోనీ కంచులో వేస్తాం, చవక" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమోనియా తగిలే అవకాశం ఉన్న చోట రాగి లోహాలు పనికిరావు.

ఇవన్నీ చదివి ప్రింటింగే వద్దనుకోకండి. ఇస్రో పీఎస్ఎల్‌వీ నాలుగో దశ ఇంజన్‌ను ఈ లేజర్ పౌడర్ బెడ్ పద్ధతికి మార్చి, 2024 మే 9న మహేంద్రగిరిలో 665 సెకన్ల పాటు మండించి చూసింది. 14 భాగాలు ఒక్కటయ్యాయి, 19 వెల్డ్ జాయింట్లు పోయాయి. పాత పద్ధతిలో 565 కిలోల ఫోర్జింగులు, రేకులు పట్టేచోట 13.7 కిలోల పౌడర్ సరిపోయింది. లోహం మీద నమ్మకం వాళ్లకు డేటాషీట్ నుంచి రాలేదు, పరీక్షల నుంచి వచ్చింది. అంతరిక్ష భాగాల కోసం నాసా 2021లో తెచ్చిన 6030 స్టాండర్డ్ కూడా ముందు ప్రాసెస్‌ను నిరూపించమని, తర్వాత ప్రతి బిల్డ్‌తో పాటు సాక్షి నమూనాలు వేసి పరీక్షించమని అడుగుతుంది. మీ పంపుకు అంత పెద్ద తతంగం అక్కర్లేదు, దాని సారం చాలు.

కాబట్టి ఆర్డర్ ఇచ్చే ముందు హైదరాబాద్ వాళ్లను ఇవి అడగండి. మొదటిది, ఏ పద్ధతి? "మెటల్ ప్రింటింగ్" అనే పేరుతోనే బైండర్ జెట్ కూడా అమ్ముతున్నారు. అందులో పొడిని జిగురుతో అతికించి, తర్వాత కొలిమిలో సింటర్ చేస్తారు. కొలతలు 15-20 శాతం కుంచించుకుంటాయి, ఈల్డ్ ఆనీల్ చేసిన కడ్డీ స్థాయిలోనే ఉంటుంది. 500 అనే అంకె దానికి వర్తించదు. రెండోది, మీ ఇంపెల్లర్ ఉన్న ప్లేటు మీదే, నిలువుగా, కనీసం మూడు టెన్సైల్ నమూనాలు వేసి, ఇంపెల్లర్‌తో పాటే కొలిమిలో పెట్టాలి. డేటాషీట్ మీద ఎంత వాదించినా ఈ మూడు కడ్డీలకు ఉన్నంత విలువ ఉండదు. లాగడానికి మన చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో యూటీఎంలు ఉన్నాయి. కాగితం కావాలంటే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. అంకెలను ఏఎస్‌టీఎం ఎఫ్3184తో పోల్చమనండి, అది ప్రింట్ చేసిన 316ఎల్ కోసమే ఉన్న స్టాండర్డ్. నిలువు నమూనా ఎలాంగేషన్ 30 శాతం దాటకపోతే నేను ఆ ఇంపెల్లర్ తీసుకోను, టెన్సైల్ ఎంత వచ్చినా సరే.

ఒక నమూనాను అడ్డంగా కోసి, పాలిష్ పట్టి, మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి పంపమనండి. గుండ్రటి చుక్కలు అక్కడక్కడా ఉంటే సరే. అడ్డంగా పరుచుకున్న, అంచులు చిందరవందరగా ఉన్న నల్లటి మచ్చలు కనిపిస్తే వద్దు. ఇంపెల్లర్‌కు హబ్ దగ్గర, వేన్ మొదళ్ల దగ్గర డై పెనిట్రెంట్ (రంగు ఇంకించి పగుళ్లు చూసే పరీక్ష) చేయించండి. గరుకు పైపొర మీద రంగు ఇరుక్కుని తప్పుడు గుర్తులు చూపిస్తుంది, కాబట్టి చేతికి అందే చోట్ల నున్నచేశాకే. బ్యాలెన్సింగ్ ఎలాగూ తప్పదు.

నా అభిప్రాయం అడిగితే, మీ ఇంపెల్లర్ వ్యాసం 200 మిల్లీమీటర్లు దాటితే నేరుగా లోహంలో ప్రింట్ చేయించను. ప్యాట్రన్‌ను (పోతకు వాడే నమూనాను) మాత్రం ప్రింట్ చేయించి, దానితో ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్‌లో సీఎఫ్3ఎం పోయిస్తాను. 316ఎల్‌కు పోత రూపం అదే. కనీస ఈల్డ్ 205, ఎలాంగేషన్ 30. పాత మందమే ఉంచుతారు కాబట్టి అది నిక్షేపంగా సరిపోతుంది. ఖర్చు సాధారణంగా తక్కువే అవుతుంది, ఇంకో రెండు స్పేర్లు కూడా పోయించుకోవచ్చు. చిన్న ఇంపెల్లర్, ఒక్కటే కావాలి, సీజన్ ముంచుకొస్తోంది, యార్డు నుంచి మిర్చి లోడ్లు దిగడం మొదలయ్యే లోపు పంపు నడవాలి అంటే, అప్పుడు లోహంలో ప్రింటే సరైన దారి. పాత మందంతోనే.

లివర్ సంగతి. అది పగలంతా ఊగుతూనే ఉండే వస్తువు. అల్యూమినియానికి స్టీలులా "ఇంత లోపు ఎన్నిసార్లు ఊగినా ఏం కాదు" అనే స్పష్టమైన హద్దు లేదు. దానిమీద ప్రింటింగ్ గరుకుదనం, బుడగలు, టీ6 అయోమయం కలిపితే ఏం జరుగుతుందో ఆటోనగర్‌లో ఒకరి ప్యాకింగ్ లైన్‌లో చూశాను. ప్రింట్ చేయించిన అదే తరహా లివర్‌కు అలవాటు కొద్దీ టీ6 చేయించారు. పిన్ రంధ్రం దగ్గర విరిగింది. విరిగిన ముఖం మీద కంటికే కనిపించేంత బుడగలు, పగులు మొదలైంది గరుకు అంచు దగ్గర. మీ లివర్ ఫొటోలో వంపు ఒకటే ఉంది, లోపల దారులేమీ లేవు, ప్రింటింగ్‌తో ఒరిగేదేమీ లేదు. 6082-టీ6 ప్లేటు తెచ్చి సీఎన్‌సీలో కోయించండి, పిన్ రంధ్రానికి బుష్ వేయించండి, మూలల్లో రేడియస్ ఎంత వీలైతే అంత పెద్దది ఇప్పించండి. విజయవాడలోనో మీ గుంటూరు ఆటోనగర్‌లోనో రెండు రోజుల్లో అయ్యే పని.

ఇంపెల్లర్ వ్యాసం, పంపు ఆర్‌పీఎం, మూత ఉన్నదా లేనిదా, నీళ్ల టీడీఎస్ ఎంత అన్నవి ఇక్కడే రాయండి. కొటేషన్‌లో హీట్ ట్రీట్‌మెంట్ లైన్ ఏముందో కూడా యథాతథంగా పెట్టండి. అవి చూసి, ప్రింటా పోతా అన్నది, మెషినింగ్‌కు ఎక్కడెక్కడ ఎంత వదలాలన్నది చెప్తాను.